ట్వైన్‌తో పిల్లల కథలు: పర్లాకిమిడి బడిలో వాడి చూశాక

ట్వైన్ అంటే చదివేవాళ్లు దారి ఎంచుకుంటూ పోయే కథలు అల్లుకునే సాఫ్ట్‌వేర్. ఉచితం, కోడింగ్ రాకపోయినా నడుస్తుంది, 2009 నుంచీ ఉంది. ఇవన్నీ అందరూ చెప్పేవే. నాకు నచ్చింది ఆ జంట బ్రాకెట్లు.

కథలో ఏ మాటనైనా రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పెడితే అది లింకవుతుంది. కథలో ఒక్కో భాగం తెర మీద ఒక్కో పెట్టె. ఆ పేరుతో పెట్టె ఉంటే బాణం వెళ్లి దానికి తగులుకుంటుంది, లేకపోతే కొత్త ఖాళీ పెట్టె పుడుతుంది. పర్లాకిమిడి ఒడిశాలో ఉంది కాబట్టి మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ఒడియా ఉచ్చారణలో హ్రస్వదీర్ఘాల తేడా ఉండదు, అందుకని తెలుగు రాసినా గుడిదీర్ఘాలు ఎగిరిపోతాయి. ఎన్ని డిక్టేషన్లు పెట్టినా, ఎంత ఎర్రసిరా పోసినా లాభం లేకపోయింది.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె నౌపడా నుంచి గుణుపురం దాకా తిరిగిన పాత చిన్న రైలు మీద కథ మొదలుపెట్టింది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన లైను అది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది కాబట్టి ఆ బుల్లి రైలు సంగతులన్నీ వాళ్ల తాత చెప్పినవే. రైలు దిగిన పిల్లాడు స్టేషన్‌లోనే ఉండాలా, వీధిలోకి వెళ్లాలా అన్నది చదివేవాళ్లు ఎంచుకోవాలి. 'వీధి' అనే పెట్టెలో బోలెడు కథ రాసుకుంది. లింకులో మాత్రం 'విధి' అని కొట్టింది. నొక్కితే తెల్ల పేజీ.

"మేడమ్, నా వీధి పోయిందండీ!" అని ఒకటే గోల. పెట్టెలూ బాణాలూ అన్నీ కనిపించే మ్యాపు తెరిచి చూపించాను. వీధి ఓ మూల ఏ బాణమూ లేకుండా పడి ఉంది, రైలు పెట్టె పక్కన విధి ఖాళీగా ఉంది. (స్టాఫ్ రూములో దీని మీద చాలా జోకులు పేలాయి.) తనే రెండు పేర్లూ కూడబలుక్కుని చదివి, గుడికి దీర్ఘం ఇచ్చింది. బాణం ఠక్కున వెళ్లి తగులుకుంది. అప్పట్నుంచీ లింకు కొట్టే ముందు పక్కవాళ్లను అడిగి సరిచూసుకోవడం క్లాసు మొత్తానికీ అలవాటైంది.

అయితే ఈ జాగ్రత్తంతా లింకుల వరకే. పెట్టె లోపల దీర్ఘాలు ఎప్పట్లాగే మాయం, అక్కడ తప్పు రాసినా కథ ఆగదు మరి. ఇంట్లో మాట్లాడుకునే మాటలు యథాతథంగా రాసేస్తారు, వాటి జోలికి నేను పోను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆ మాటలు దిద్దడానికి నాకు చెయ్యి రాదు.

ఇక అసలు కోపం. బ్రౌజర్‌లో వాడితే కథలన్నీ ఆ కంప్యూటర్లో, ఆ బ్రౌజర్ లోపలే ఉంటాయి. లాగిన్ లేదు, ఆన్‌లైన్‌లో ఎక్కడా కాపీ లేదు. దసరా సెలవుల్లో ఎవరో ల్యాబ్ సిస్టమ్స్ స్పీడు పెంచుదామని హిస్టరీ, డేటా అంతా తుడిచేశారు. సెలవులయ్యాక తెరిస్తే ఒక్క కథా లేదు. పిల్లల ముఖాలు చూడలేకపోయాను. అంత నమ్ముకున్న సాఫ్ట్‌వేర్ ఇంత పని చేస్తుందా అని మండిపడ్డాను.

రైలు కథ ఒక్కటే దక్కింది. ట్వైన్‌లో పబ్లిష్ చేస్తే కథంతా ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలుగా వస్తుంది, నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. అది ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారి ఫోన్‌లో ఉంది. దాన్నే తెచ్చి ఇంపోర్ట్ చేస్తే పెట్టెలూ బాణాలూ అన్నీ తిరిగొచ్చాయి, మళ్లీ దిద్దుకోవచ్చు కూడా. ఇప్పుడు మాత్రం కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ట్వైనే వాడుతున్నాం. అందులో కథలు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఫైళ్లుగా ఉంటాయి. బెల్లు కొట్టే లోపు పెన్‌డ్రైవ్‌లోకి ఆర్కైవ్ (కథలన్నిటి కాపీ) కూడా తీసుకుంటాం.

అందరూ వాడండి అనలేను. నా పిల్లలు ఆరో తరగతి దాటినవాళ్లు, తెలుగు టైపింగ్ కాస్త వచ్చు, హెడ్‌మాస్టరు గారు ల్యాబ్ పీరియడ్ ఇస్తున్నారు. ఒకటీ రెండూ తరగతులకైతే అక్షరాల్లేని బొమ్మల బ్లాకులతో నడిచే స్క్రాచ్ జూనియరే మేలు. ల్యాబ్ తాళాలు మీ చేతిలో లేకపోతే మాత్రం బ్రౌజర్ ట్వైన్ జోలికి పోకండి.