లడాఖ్ పోయేవాళ్లు జాగ్రత్త: మన నల్గొండలో 'హై ఆల్టిట్యూడ్ కిట్' పేరుతో మోసం

లడాఖ్ వెళ్దామని బండి రెడీ చేయించుకుంటున్న నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వాళ్లు దయచేసి ఇది చదివాకే బండి ఎవరి చేతికైనా ఇవ్వండి. 'హై ఆల్టిట్యూడ్ కిట్' అని 4,500 రూపాయలు తీసుకుని, గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపే కార్బ్యురేటర్‌లో వేలు పెట్టే ఆ షాపు ఏదో టౌన్లో బుల్లెట్ ఉన్నవాళ్లందరికీ తెలుసు, పేరు రాయను. నిన్న సాయంత్రం ఆ షాపాయనతో మాట్లాడి వచ్చాను. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

నాది 2017 మోడల్ బుల్లెట్, కార్బ్యురేటర్ బండి. అందులో పెట్రోలు ఎంత పోవాలో కొలిచే రంధ్రం ఉన్న చిన్న ముక్కనే జెట్ అంటారు. మనాలీ నుంచి లేహ్ రూటు. బండి ఇచ్చినప్పుడు ఆయన అన్నది ఇదీ: "పైన గాలి తక్కువుంటది అన్నా, గందుకే పెట్రోలు ఎక్కువ పోవాలె. పెద్ద జెట్ ఏస్తున్న. పాత జెట్ నా దగ్గరనే దాస్త, వచ్చినంక మళ్ల ఏసిస్త." దాంతోపాటు పెట్రోల్లో కలిపే ఆక్టేన్ బూస్టర్ సీసాలు కూడా అంటగట్టాడు. ఊళ్లోనే మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ మూతి నల్లబడింది. ఫోన్ చేసి అడిగితే "కొత్తగ ఏసినం గద, సెట్ అయితది" అన్నాడు.

అసలు విషయం పూర్తిగా తలకిందులు. కార్బ్యురేటర్‌కి మనం ఎంత ఎత్తులో ఉన్నామో తెలియదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, అది లాగే పెట్రోలు మాత్రం ఆ లెక్కన తగ్గదు. అంటే మామూలు జెట్‌తోనే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైపోతుంది. అందుకే పైకి పోయే బండికి జెట్ చిన్నది వేయాలి. ఈయన పెద్దది వేశాడు. ఇరవై ఏళ్ల సర్వీసు అని బోర్డు పెట్టుకున్న మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను.

అటల్ టన్నెల్ దాటి కేలాంగ్ దాకా దగ్గుకుంటూ, పెట్రోలు వాసన కొడుతూ ఎలాగో వచ్చింది. జింగ్‌జింగ్‌బార్ దాటి బారాలాచా లా ఘాట్ ఎక్కుతుంటే పూర్తిగా చచ్చిపోయింది. ఆ కనుమ దాదాపు 4,890 మీటర్ల ఎత్తు. థ్రాటిల్ తిప్పేకొద్దీ ఇంకా ముక్కుతోంది, వెనక నల్లటి పొగ. ప్లగ్గు విప్పితే కాటుక పెట్టినట్టు ఉంది. కొత్త ప్లగ్గు వేస్తే కాసేపు నడిచి మళ్లీ అంతే. పక్కన నా తమ్ముడికి తలనొప్పి మొదలైంది, చలిగాలి, వెలుతురు తగ్గుతోంది. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. కిందికి దిగుతున్న పికప్ ఆయన ఒకరు ఆగి, బండి ఎక్కించుకుని కేలాంగ్‌లో దింపకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో.

కేలాంగ్ మెకానిక్ నన్ను ఏమీ అడగలేదు. కార్బ్యురేటర్ విప్పి, జెట్ తీసి, టార్చి కింద పెట్టి చూపించాడు. చిటికెన వేలి గోరంత కూడా లేని ఇత్తడి ముక్క, దాని మీద సన్నగా నంబర్. నంబర్ పెద్దదైతే రంధ్రం పెద్దది. తన డబ్బాలోంచి చిన్న నంబర్ జెట్ వెతికి వేశాడు, ట్యూనింగ్ సరిచేశాడు. ఆయిల్ పోసే మూత తీసి వాసన చూడమన్నాడు. ఇంజన్ ఆయిల్‌లో పెట్రోలు వాసన! మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగిందట. అలాగే నడిపి ఉంటే లోపల అరుగుడు మొదలయ్యేది. ఆయిల్ మార్చి పంపాడు. మర్నాడు అదే బండి బారాలాచా ఎక్కింది, తర్వాతి తంగ్‌లాంగ్ లా కనుమ కూడా ఎక్కింది. నిదానంగానే, కానీ ఆగలేదు.

ఇక నిన్నటి సంగతి. ఆ పెద్ద జెట్‌ను కౌంటర్ మీద పెట్టి ఇదేంటని అడిగాను. దానివైపు చూడను కూడా చూడలేదు. "గంత ఎత్తుకు పోతె ఏ బండైన గంతే. నడపరానోళ్లంత బుల్లెట్లు కొనవట్టిరి" అన్నాడు. బెంచీ మీద కూర్చున్న పిల్లలు నవ్వారు. సరే, నా పాత జెట్ ఇవ్వమన్నాను. "గా ఇత్తడి ముక్క ఎవడు దాస్తడు?" దాస్తానని మాటిచ్చింది నువ్వే కదా అంటే, "బిల్లు మీద రాసి ఉన్నదా?" బిల్లు మీద 'లడాఖ్ సర్వీస్' అని తప్ప ఇంకో అక్షరం లేదు. మా తమ్ముడు కొండ మీద వణుకుతూ కూర్చున్నాడని చెప్పినా ఆ మనిషి మొహంలో ఏ మార్పూ లేదు. డబ్బు పోయినందుకు కాదు నాకు ఇంత కోపం, ఆ మొహం చూసినందుకు.

నేను అక్కడ ఉండగానే ఒక పిల్లాడి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండికి 'లడాఖ్ సెట్టింగ్' చేస్తానని చెబుతున్నాడు. ఆ బండి ఇంజెక్షన్ బండి, అంటే కార్బ్యురేటర్ బదులు ఎలక్ట్రానిక్‌గా పెట్రోలు చిమ్మేది. అందులో మార్చడానికి ఈ జెట్టే ఉండదు. గాలి ఒత్తిడిని సెన్సర్ చూసుకుని పెట్రోలు అదే తగ్గించుకుంటుంది. పైన గాలి తక్కువ కాబట్టి పవర్ ఎలాగూ పడిపోతుంది, దాన్ని ఏ సెట్టింగూ తిరిగి తేలేదు. ఆ మాటే పిల్లాడికి చెప్పాను. షాపాయన నన్ను బయటికి పొమ్మన్నాడు.

కార్బ్యురేటర్ బండి ఉన్నవాళ్లు ఎవరు జెట్ మార్చినా పాతది, కొత్తది రెండూ ఎదురుగా పెట్టించుకుని నంబర్లు చూడండి, బిల్లు మీద రాయించండి, పాతది మీ జేబులో వేసుకోండి. దిగి వచ్చాక పాతదే మళ్లీ వేయాలి, లేకపోతే ఇక్కడి గాలికి చిన్న జెట్ ఇచ్చే పెట్రోలు చాలక, మన ఎండల్లో ఇంజన్ వేడెక్కి దెబ్బతింటుంది. అందుకే నా బండిని చండీగఢ్ నుంచి రైల్లో పార్సిల్ చేశాను, కంపెనీ నంబర్ జెట్ వచ్చేదాకా ఇంట్లోనే ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించుకోండి, ప్లగ్గులు స్పేర్ పెట్టుకోండి. బూస్టర్ సీసాలు కొనొద్దు. అవి నాకింగ్, అంటే పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజన్ కటకటలాడటం, ఆపడానికి. ఎత్తులో అది తగ్గుతుందే కానీ పెరగదు.

మిర్యాలగూడ నుంచి వచ్చే నెల వెళ్తున్న గ్రూపు ఇదే షాపులో బండ్లు ఇచ్చిందని విన్నాను. వాళ్లెవరో తెలిసినవాళ్లు ఈరోజే ఫోన్ చేసి, బయల్దేరకముందే జెట్లు విప్పించి చూసుకోమని చెప్పండి.