పేలియో ఆహారంతో మూడేళ్లు: పళ్లెం, పుస్తకాలు, రక్తపరీక్షలు

మూడేళ్ల రెండు నెలలుగా నేను పేలియో పద్ధతిలో, అంటే వ్యవసాయం రాకముందు రాతియుగపు మనుషులు తిన్నారని చెప్పే ఆహారమే తినాలన్న పద్ధతిలో తింటున్నాను. పదిరోజులు పాటించి రాసిన పొగడ్తలూ, ఒక్కరోజైనా పాటించకుండా రాసిన తిట్లూ కావలసినన్ని దొరుకుతాయి గనుక, తొలి ఉత్సాహం చల్లారాక ఏం మిగులుతుందో తెలుసుకోవాలనుకునేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ ఆహారం నాకు మేలు చేసిన మాట నిజం. అయితే దానికి ఆధారంగా చెప్పే రాతియుగపు కథ వల్లనే ఆ మేలు జరిగిందని మాత్రం ఇప్పుడు నమ్మడం లేదు.

నియమాలు తెలిసినవే. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పండ్లు, బాదం వంటి గింజలు తినవచ్చు. ధాన్యాలు, పప్పుదినుసులు, పాలు, పాల పదార్థాలు, చక్కెర, కర్మాగారంలో తయారై పొట్లాల్లో వచ్చే తిండి మానుకోవాలి. వేరుశనగ పప్పుజాతి పంట కాబట్టి దానికీ చోటు లేదు. చిక్కంతా దుంపల దగ్గర వస్తుంది. ఒక పుస్తకం బంగాళాదుంపను నిషేధిస్తుంది, మరొకటి అనుమతిస్తుంది. పేలియోకు దగ్గరి చుట్టమైన హోల్30 కార్యక్రమం సైతం మొదట వద్దన్న బంగాళాదుంపను 2014లో చేర్చుకుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, నా తొలి నెల చెడిపోయింది ఇక్కడే. ధాన్యాలతోపాటు దుంపలనూ, కొవ్వునూ ఒకేసారి తగ్గించేసి, మిగిలిన మాంసంతో, ఆకులతో కడుపు నింపుకోవాలని చూశాను. రెండు వారాలపాటు తలనొప్పి, నీరసం, ఊరికే వచ్చే చిరాకు నన్ను వదలలేదు. భోజనంలో చిలగడదుంప చేరాక అవి తగ్గాయి.

ఫలితాల విషయానికి వస్తే, మొదటి ఏడు నెలల్లో నా బరువు 84 కిలోల నుంచి 77కి దిగింది. ఆ తర్వాత మెల్లగా 79కి పెరిగి అక్కడే నిలిచిపోయింది. లోపం నాదేమోనని చాలాకాలం బాధపడ్డాను. స్వీడన్‌లో స్థూలకాయం ఉన్న 70 మంది మహిళలపై రెండేళ్లు జరిపి, 2014లో ప్రచురించిన పరిశోధన చదివాక ఆ బాధ పోయింది. అందులో పేలియో బృందం మొదటి ఆరునెలల్లో ఎక్కువ కొవ్వు కోల్పోయినా, రెండేళ్లు ముగిసేసరికి సాధారణ ఆహార సలహాలు పాటించిన బృందంతో పోలిస్తే ఆ తేడా గణనీయంగా మిగలలేదు. ఈ సంగతి ఎవరైనా నాకు మొదట్లోనే చెప్పి ఉంటే ఒక ఏడాది మనస్తాపం తప్పేది.

ఇక నాకు దారి చూపిన రాతల సంగతి. చాలామంది మొదట అందుకునేది లోరెన్ కోర్డెయిన్ 2002లో వెలువరించిన పుస్తకం. భాష తేలిక, నియమాలు స్పష్టం. పైగా వారానికి కొన్ని భోజనాలు నియమం తప్పినా ఫరవాలేదనే వెసులుబాటు అందులో ఉంది, అదే నన్ను మొదటి ఏడాది నిలబెట్టింది. అయితే అది వకీలు వాదనలాగా సాగుతుంది, ఎదుటి పక్షం గొంతు వినిపించదు. పప్పుల్లో ఖనిజాలను ఒంటికి సరిగా పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం ఉంది కాబట్టి అవి వద్దంటారు. ఇష్టంగా తినమనే బాదంలోనూ అది దండిగా ఉందన్న సంగతి అంత గట్టిగా చెప్పరు. పప్పుల్లో, ధాన్యాల్లో ఉండే లెక్టిన్లనే మాంసకృత్తులనూ అలాగే భూతాలుగా చూపుతారు గానీ, నానబెట్టి బాగా ఉడికిస్తే అవి చాలావరకు నశిస్తాయి.

అందుకే మూలానికి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. వైద్యుడు బోయిడ్ ఈటన్, మానవశాస్త్రవేత్త మెల్విన్ కానర్ రాతియుగపు ఆహారం గురించి 1985లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో రాసిన వ్యాసం నిడివి కొద్ది పేజీలే. పేలియో అంటే మాంసపు గుట్ట అని ఊహించుకుని వెళ్లిన నాకు, వారు వేసిన లెక్కలో మాంసం 35 శాతం, మొక్కల నుంచి వచ్చే ఆహారం 65 శాతం కనిపించేసరికి ఆశ్చర్యం వేసింది. ఆనాటి నుంచి నా పళ్లెంలో కూరగాయల వాటా రెట్టింపైంది.

నేను ఎక్కువసార్లు తిరగేసిన పుస్తకం మాత్రం స్టాఫాన్ లిండెబర్గ్ రాసినది. ఆయన స్వీడన్ వైద్యుడు. 1989 ప్రాంతంలో పాపువా న్యూగినీలోని కిటావా ద్వీపవాసులను పరిశీలించారు. దుంపలు, పండ్లు, కొబ్బరి, చేపలు తిని బతికే ఆ జనంలో, పొగతాగేవారు చాలామంది ఉన్నా, గుండెపోటు, పక్షవాతం దాదాపు కనబడలేదు. వారి శక్తిలో సింహభాగం పిండిపదార్థం నుంచే వస్తుంది. పేలియో పేరు చెప్పి పిండిపదార్థాన్ని శత్రువుగా చూపేవారికి ఇంతకంటే ఇబ్బందికరమైన ఉదాహరణ నాకు తెలియదు. ఆయన బృందమే 2007లో 29 మంది హృద్రోగులపై పన్నెండు వారాలు పరీక్షించి, పేలియో తిన్నవారిలో గ్లూకోజ్ నియంత్రణ బాగా మెరుగైందని చూపింది. అయితే అంత చిన్న బృందం మీద ఎంత బరువు మోపవచ్చో చదివేవారే తూచుకోవాలి.

ఎదుటి పక్షం కోసం జీవశాస్త్రవేత్త మార్లీన్ జూక్ 2013లో రాసిన పుస్తకం చదివాను. వ్యవసాయం మొదలయ్యాక కూడా మనిషి శరీరం మారుతూనే వచ్చిందని, పెద్దయ్యాక పాలు అరిగించుకునే శక్తి గడిచిన పదివేల ఏళ్లలోపే కొన్ని జనసమూహాల్లో వ్యాపించిందని ఆమె వివరిస్తారు. జోర్డాన్‌లో 14,400 ఏళ్లనాటి పొయ్యిలో రొట్టె ముక్కలు బయటపడ్డాయన్న 2018 నాటి వార్త దానికి తోడయ్యాక, "పూర్వీకులు ధాన్యం ముట్టలేదు" అన్న మాట నా నోట మళ్లీ రాలేదు.

వంటల పుస్తకాలు నాలుగు తెచ్చుకున్నాను. వాటిలో మూడు పుస్తకాల్లో బాదంపిండితో, తేనెతో చేసిన కేకులే సగం ఉన్నాయి. మానుకున్న తిండికి మారువేషం వేసి మళ్లీ పళ్లెంలోకి తెచ్చే పని అది. నాలుగోది కూరగాయలు వేయించే పద్ధతులు నేర్పింది, ఇప్పటికీ వాడుతున్నాను. ఫోన్‌లో వాడే ఒక యాప్ కొన్ని నెలలు ఉపయోగపడింది, తర్వాత ఏ తిండికైనా "పేలియో అవును, కాదు" అని తీర్పు చెప్పడం తప్ప దానికి వేరే పని లేదని తెలిసి తీసేశాను.

అన్నిటికంటే పనికొచ్చింది, పేలియోతో ఏ సంబంధమూ లేని ఒక పట్టిక. అమెరికా వ్యవసాయ శాఖ ఫుడ్‌డేటా సెంట్రల్ పేరుతో ఆహార పదార్థాల పోషకాలను ఉచితంగా అందుబాటులో ఉంచింది. పాలు మానేశాక రోజుకు కావలసిన 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం ఎక్కడి నుంచి వస్తుందో ఒక వారం రాసి చూసుకుంటే, ఏ రోజూ 550 దాటలేదు. పాలకూర అంకె ఘనంగా కనిపించి మొదట నన్ను మోసగించింది. అందులోని ఆక్సలేట్లనే పదార్థాల వల్ల ఆ క్యాల్షియంలో శరీరం గ్రహించేది సుమారు 5 శాతమే, పాల నుంచైతే 30 శాతం దాకా అందుతుంది. కాగితం మీద ఉన్నదంతా ఒంటికి పట్టదని అప్పుడే అర్థమైంది. ముళ్లతో సహా తినే చిన్న చేపలు, క్యాబేజీ జాతి ఆకులు చేర్చాక కొంత సర్దుకుంది.

రెండో లోటు ఇంకా దొంగచాటుగా వచ్చింది. సహజమైనదన్న నమ్మకంతో అయొడిన్ కలపని సముద్రపు ఉప్పుకు మారాను, అయొడిన్ అందించే పాలు ఎలాగూ లేవు. రెండో ఏడు రక్తపరీక్షలో, థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ హద్దు దాటి కనిపించింది. ఏ ఉప్పు వాడుతున్నావని డాక్టరు అడిగారు. అయొడిన్ ఉప్పుకు తిరిగి వచ్చిన ఐదు నెలలకు అది మామూలు స్థాయికి చేరింది. కారణం అదేనని నేను నిరూపించలేను. కానీ 2014 పరిశోధనలో పాల్గొన్న మహిళల్లోనే పేలియో బృందానికి అయొడిన్ లోపం ఏర్పడిందని 2018లో మరో వ్యాసం వచ్చింది. నేను చదివిన ప్రారంభ పుస్తకాల్లో దీని గురించి హెచ్చరిక కనిపించలేదు.

మధుమేహానికి మందులు వాడేవారు పిండిపదార్థం తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అధిక మాంసకృత్తులు చేటు చేయవచ్చు. వీరు డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. మాంసం, చేపలు, గుడ్లు ముట్టనివారికి పప్పులు కూడా లేకపోతే మాంసకృత్తులకు మిగిలేది గింజలే కాబట్టి, వారికి ఈ పద్ధతిని నేను సూచించను.

ప్రస్తుతం నేను పాటించేది శుద్ధమైన పేలియో కాదు. పొట్లాల తిండి, చక్కెర ఇంట్లోకి రావు. వారానికి రెండుసార్లు పప్పు, రోజూ ఒక గిన్నె పెరుగు తిరిగి వచ్చాయి. వచ్చే నెల ఎముకల సాంద్రత పరీక్ష ఉంది. దాని ఫలితం చూసేదాకా ఆ పెరుగు గిన్నెను కదిలించే ఉద్దేశం నాకు లేదు.