నోట్లో లైకెన్ ప్లానస్‌కి హోమియోనా, స్టెరాయిడ్ పూతా: ఏది మేలు?

కొన్నాళ్లుగా నన్ను చాలామంది అడుగుతున్నది ఒకటే ప్రశ్న. బయాప్సీలో లైకెన్ ప్లానస్ అని వచ్చింది, డెంటిస్టు స్టెరాయిడ్ పూత రాసిచ్చారు, ఇంట్లోవాళ్లేమో స్టెరాయిడ్ జోలికి పోవద్దు హోమియో వాడు అంటున్నారు, ఇప్పుడేం చేయాలి? నేను రెండూ వాడాను కాబట్టి నన్ను అడుగుతున్నారు. హోమియో ఎనిమిది నెలలు, ఆ తర్వాత స్టెరాయిడ్ జెల్. ఒక్కొక్కరికీ ఓ ముక్క చెప్పడం కంటే నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తే మేలనిపించింది. నేను డాక్టర్ని కాను, పేషెంటుని. ఆ మేరకే చదవండి.

బుగ్గ లోపల వల అల్లినట్టు తెల్ల గీతలు, చిగుళ్ల ఎరుపు, ఏది తిన్నా మంట, ఇవన్నీ మీకు కొత్త కాదు. చర్మం మీద వచ్చే లైకెన్ ప్లానస్ చాలామందికి ఏడాది, రెండేళ్లలో దానంతటదే పోతుంది. నోట్లోది అంత తొందరగా వదలదు, ఏళ్ల తరబడి ఉంటుంది. మన రక్షణ వ్యవస్థలోని టీ కణాలే నోటి లోపలి పొర అడుగు వరస కణాల మీద దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. అదీ ఒకేలా ఉండదు, ఒక నెల భగ్గుమంటుంది, ఇంకో రెండు నెలలు ఉందో లేదో అన్నట్టుంటుంది. ఏ మందూ వేసుకోకపోయినా ఇలాగే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మనం మందు మొదలుపెట్టేది ఎప్పుడూ మంట భరించలేని రోజునే, అంటే జబ్బు పై మెట్టు మీద ఉన్నప్పుడే. అక్కడినుంచి అది ఎలాగూ దిగుతుంది. దిగితే ఆ రోజు చేతిలో ఉన్న మందుకే ఆ పేరు పోతుంది, అది హోమియో అయినా, ఆకు పసరు అయినా, స్టెరాయిడ్ అయినా.

ముందు హోమియో గురించి. నాకు వైద్యం చేసినావిడ చాలా మంచి మనిషి. మొదటి రోజే గంటకు పైగా కూర్చోబెట్టి నిద్ర ఎలా ఉంది, దేనికి భయపడతాను, మనసులో ఏం పెట్టుకుని బాధపడుతున్నాను అని అన్నీ అడిగారు. అంతకుముందు ఎవరూ నా బాధ అంతసేపు వినలేదు. ఆ వినడం నాకు నిజంగా ఊరటనిచ్చింది, టెన్షన్ పడినప్పుడల్లా మంట పెరిగే నాలాంటివాళ్లకు అది చిన్న విషయం కాదు. ఇగ్నేషియా ఇచ్చారు, తర్వాత మెర్క్ సాల్, నైట్రిక్ యాసిడ్. మూడో నెలకు మంట తగ్గింది. నేనూ నలుగురికీ చెప్పాను, హోమియోతో తగ్గిందని.

అయిదో నెలలో తిరగబెట్టింది. ఎడమ బుగ్గ లోపల పొర లేచిపోయి ఎర్రగా పచ్చిపుండయింది. ఫోన్ చేస్తే, కంగారు పడొద్దు, మందు పనిచేస్తున్న గుర్తు ఇది, ముందు కాస్త ఎక్కువై తర్వాత తగ్గుతుంది అన్నారు. నేను నమ్మాను. ఆవిడ కూడా నమ్మే చెప్పారు, మోసం ఏమీ లేదు. హోమియోలో దీన్ని అగ్రవేషన్ అంటారు, హోమియోని మొదలుపెట్టిన హానిమన్ కాలం నుంచీ ఉన్న మాటే. అలా ఆగుతూ ఆగుతూ ఎనిమిదో నెల వచ్చేసింది.

నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదే: జబ్బు ఎక్కువైనప్పుడు మీకు వైద్యం చేసేవాళ్లు దాన్ని ఏమనుకుంటారు?

నోటి లైకెన్ ప్లానస్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న నోటి జబ్బుల జాబితాలో పెట్టింది. భయపెట్టడానికి చెప్పడం లేదు, అలా మారేది ఏళ్ల మీద నూటికి దాదాపు ఒక్కరికి మాత్రమే, మిగతా తొంభై తొమ్మిది మందికి ఇది మంట తప్ప ప్రాణం మీదికి వచ్చేది కాదు. కానీ ఆ ఒక్కరిలో మార్పు మొదలయ్యేది ఎక్కువగా ఎర్రబడి పుండ్లు పడే రకంలోనే, అందులోనూ నాలుక మీద ఎక్కువ. పొగతాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. తొలిరోజుల్లో అది కూడా మామూలు పుండులాగే కనిపిస్తుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. అంటే ఈ జబ్బులో కొత్తగా ఏదైనా ఎక్కువైందంటే వెంటనే నోరు తెరిపించి లైటు వేసి చూడాలి, వేలితో తడిమి గట్టిగా ఉందేమో పరీక్షించాలి, అవసరమైతే మళ్లీ బయాప్సీ చేయాలి. సరిగ్గా ఆ సమయంలోనే ఆగమని చెప్పే పద్ధతి హోమియోది. లోపలి జబ్బు బయటికి పోతోంది, పాత లక్షణాలు తిరిగి రావడం మంచిదే అని హోమియోలో చెప్పే హెరింగ్ సూత్రం కూడా అలాంటిదే. మోకాలి నొప్పికైతే ఆ ఎదురుచూపు వల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. ఇక్కడ ఉంటుంది.

నా అదృష్టం బాగుండి రెండో బయాప్సీలోనూ లైకెన్ ప్లానస్ తప్ప ఇంకేమీ రాలేదు. కానీ రిపోర్టు కోసం ఎదురుచూసిన ఆ వారం రోజులు నేను మరిచిపోలేను.

ఇక మందు సత్తా సంగతి. హోమియోలో పొటెన్సీ అంటే మందును ఎన్నిసార్లు పలుచన చేశారో చెప్పే లెక్క. 30సి పొటెన్సీ అంటే అసలు పదార్థం ఒకటి పక్కన అరవై సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. 12సి దాటాక అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం లేదని రసాయన శాస్త్రం లెక్క. ఈ జబ్బు మీదే ఇగ్నేషియా వాడి 30 మందితో చేసిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది, ఫలితం హోమియోకి అనుకూలంగానే ఉంది, హోమియో డాక్టర్లు దాన్నే చూపిస్తారు. అంత చిన్న గుంపుతో, ఎక్కుతూ దిగుతూ ఉండే జబ్బులో, ఏమీ తేల్చలేం. ఆస్ట్రేలియా ఆరోగ్య పరిశోధనా మండలి 2015లో అధ్యయనాలన్నీ కలిపి చూసి, ఏ జబ్బుకూ హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం లేదని చెప్పింది. నాకు ఆ మాట సరైనదనే అనిపిస్తుంది.

అయితే స్టెరాయిడ్ పూత ఏమైనా సంజీవనా అంటే కాదు. జబ్బును నయం చేయదు, మంటను అదుపులో పెడుతుంది. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో తెచ్చిన సమీక్ష కూడా, నొప్పి తగ్గించవచ్చు గానీ ఆధారాలు అంత గట్టివి కావనే తేల్చింది. ఎక్కువగా రాసేది క్లోబెటసాల్ 0.05 శాతం, లేదా ట్రయామ్సినొలోన్ 0.1 శాతం. నోరంతా ఉంటే డెక్సామెథసోన్ పుక్కిలించి ఉమ్మేయమంటారు. చాలామంది పనిచేయలేదని చెప్పేది రాసుకోవడం సరిగ్గా రాకే. తడి మీద రాస్తే నిలవదు. దూదితోనో గాజుగుడ్డతోనో తడి అద్ది, పలుచగా రాసి, అరగంట ఏమీ తినకుండా తాగకుండా ఉండాలి. రాత్రి పడుకునే ముందు రాస్తే ఎక్కువసేపు ఉంటుంది. చిగుళ్లకైతే పళ్ల అచ్చు తీసి ట్రే చేయించి అందులో మందు వేసి పెట్టుకోమంటారు, నాకు తెలిసిన ఒకరికి అప్పటిదాకా తగ్గని చిగుళ్లు దానితోనే తగ్గాయి.

స్టెరాయిడ్ అంటే ఒళ్లు ఊరిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి అని భయం. ఆ భయం నెలల తరబడి మింగే మాత్రల విషయంలో నిజమే. చెప్పినంతే, చెప్పినన్నాళ్లే రాసుకునే పూతతో అంత లోపలికి పోదు. దీనితో తరచూ వచ్చేది నోట్లో ఫంగస్, నాకూ వచ్చింది, తెల్లగా పేరుకుని నాలుక రుచి పోయింది, ఫంగస్‌ని పోగొట్టే జెల్ వాడితే పోయింది. స్టెరాయిడ్ రాస్తే జబ్బు లోపలికి అణిగిపోయి ఇంకో అవయవంలో లేస్తుందని కూడా అంటుంటారు. దానికి ఆధారం లేదు.

రక్షణ వ్యవస్థ దాడిని తగ్గించే టాక్రోలిమస్ అనే ఇంకో పూత ఉంది, అది స్టెరాయిడ్‌కి లొంగనివాళ్లకు, స్పెషలిస్టు చెబితేనే. కలబంద, పసుపు సారం, లేజర్ మీద చిన్నచిన్న అధ్యయనాలున్నాయి, మొదటి మందుగా నేను చెప్పను.

ఇంకో దారి ఉంది, అసలు మందే వద్దనుకోవడం. తెల్ల గీతలు మాత్రమే ఉండి మంట లేకపోతే ఏ మందూ అక్కర్లేదు, ఆరు నెలలకో ఏడాదికో చూపించుకుంటే చాలు. అలాంటివాళ్లు హోమియో వాడి తగ్గిందని చెబితే నేను వాదించను. అందరూ చేయాల్సిన పని ఒకటుంది: పుండు పక్కనే వెండిరంగు అమాల్గమ్ ఫిల్లింగ్ ఉందా, గరుకు పన్ను రాసుకుంటోందా, బీపీకో నొప్పులకో కొత్త మాత్ర మొదలయ్యాక ఇది వచ్చిందా అని అడిగించుకోండి. వాటివల్ల అచ్చం ఇలాగే రావచ్చు, కారణం తీసేస్తే తగ్గుతుంది కూడా. కానీ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. హెపటైటిస్ సి పరీక్ష కూడా చేయించుకోవాలా అని అడగండి, దానికీ దీనికీ సంబంధం ఉంది.

రెండూ కలిపి వాడొచ్చా అని అడిగేవాళ్లకు: హోమియో మాత్రలు తెచ్చుకోవాలనుకుంటే తెచ్చుకోండి, పూత ఆపొద్దు, నోరు చూసే డెంటిస్టును అసలే ఆపొద్దు. మాత్రలు మొదలుపెట్టే రోజునే ఆ డాక్టరుగార్ని ఒక ప్రశ్న అడగండి, ఎక్కువైతే ఎన్నాళ్లు ఆగుదామండీ అని. నేను ఇప్పుడు చూపించుకుంటున్న ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బుల) డాక్టర్ని అదే అడిగాను. రెండు వారాలు, పదిహేనో రోజున పుండు అలాగే ఉంటే నా ముందు కూర్చోవాలి అన్నారు.