గరగరలాడే ఫ్యాన్‌కి బేరింగుల వైద్యం

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము ఎక్కువకాలం ఆగదు. హాల్లో సీలింగ్ ఫ్యాన్ నెల రోజులుగా గరగరమంటోంది. రెక్కల స్క్రూలు బిగించినా తగ్గలేదు. ఇంటికొచ్చిన ఒక మెకానిక్ విప్పకుండానే ‘కొత్తది కొనేయండి సార్’ అన్నాడు.

నేనే దింపి, పూర్ణా మార్కెట్ దగ్గర ఓ చిన్న వైండింగ్ షాపుకి పట్టుకెళ్లాను. అక్కడి పెద్దాయన మోటారుని చేత్తో ఒక్కసారి తిప్పి, చెవి వంచి విని, ‘బేరింగులు పోయాయండీ’ అన్నాడు. పాతవి తీస్తే గ్రీజు ఎండి నల్లగా అట్టకట్టేసింది, ఒకదాంట్లో తుప్పు కూడా. 6202 సైజు బేరింగు ఒకటి, 6201 సైజుది ఒకటి, నా కళ్లముందే కొత్తవి దిగ్గొట్టాడు. మొత్తం 350 రూపాయలు. రసీదు లేదు, కూర్చోడానికి స్టూలైనా లేదు, గంటన్నర నిలబడ్డాను.

ఇప్పుడు రాత్రిళ్లు గోడ గడియారం టిక్కుటిక్కు వినిపిస్తోంది. మా ఆవిడ దాన్నీ రిపేరుకి పట్టుకెళ్లమంటోంది.