ఇన్సులిన్ సీసా కొనేవాళ్లకు హెచ్చరిక: సిరంజి మీద అంకె చూడకుండా షాపు మెట్లు దిగొద్దు

ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటూ ఉంటే, అందులోనూ ఈమధ్య ఇన్సులిన్ పెన్ను (యూనిట్లు తిప్పి ఇంజక్షన్ ఇచ్చుకునే పరికరం) మానేసి సీసాకు మారి ఉంటే, దయచేసి ఇది చివరిదాకా చదవండి.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. మన మెడికల్ షాపుల్లో దొరికే మామూలు ఇన్సులిన్ సీసాల్లో చాలావాటి మీద 40 ఐయూ/ఎంఎల్ అని రాసి ఉంటుంది. అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్ల మందు. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ మీద 100 ఐయూ/ఎంఎల్ అని ఉంటుంది. సిరంజిలు కూడా రెండు రకాలు. ఎర్ర మూత ఉన్నది 40 సీసాకు, నారింజ రంగు మూత ఉన్నది 100 సీసాకు. సీసా మీద ఏ అంకె ఉందో సిరంజి మీదా అదే అంకె ఉండాలి. ఈ చిన్న ముక్క కౌంటర్‌లో ఉన్నవాళ్లు చెప్పకపోవడం వల్ల మా అమ్మ ప్రాణం మీదకు వచ్చింది.

అమ్మావాళ్లు ఖమ్మం దగ్గర ఉంటారు. అమ్మకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. 30/70 మిక్స్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది 30 శాతం, నెమ్మదిగా పనిచేసేది 70 శాతం కలిపినది) పెన్నుతో పొద్దున టిఫిన్‌కు ముందు 20 యూనిట్లు తీసుకునేది. నాన్నే ఇచ్చేవారు. అంతా బాగానే సాగింది. 2025లో కొన్ని హ్యూమన్ ఇన్సులిన్ కార్ట్రిడ్జులు మార్కెట్‌లో దొరకడం కష్టమైంది కదా, ఆ ఇబ్బంది మాకూ వచ్చింది. ఎప్పుడూ కొనే షాపుకు వెళ్తే, "పెన్నుది రావట్లేదు సార్, ఇదే మందు సీసాలో ఉంది, ఇంకా చవక కూడా" అని ఒక సీసా, దాంతోపాటు ఒక సిరంజిల కట్ట చేతిలో పెట్టారు. "ఎన్ని యూనిట్లు పెన్నులో తిప్పుతారో సిరంజిలో అన్ని గీతలు లాగండి, అంతే" అన్నారు. సీసా 40ది, సిరంజిలు నారింజ మూతవి.

లెక్క చూడండి. నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 ఎంఎల్. సీసాలో మందు ఎంఎల్‌కు 40 యూనిట్లే కాబట్టి లోపలికి వెళ్లేది 8 యూనిట్లు. నాన్న కళ్లజోడు పెట్టుకుని, గీత గీతా చూసుకుని ఇచ్చేవారు. ఆయన చేసింది షాపువాళ్లు చెప్పినట్టే.

షుగర్ 300 దాటడం మొదలైంది. అమ్మకు దాహం, నీరసం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం. చుట్టుపక్కల వాళ్లు తలా ఒక మాట. "ఈ ఇన్సులిన్ ఆవిడకు పడలేదు", "సీసా మందు మంచిది కాదు", "ఆకు రసం తాగించండి". డాక్టర్ గారికి రీడింగులు చూపిస్తే 30 యూనిట్లకు పెంచారు. ఆయన కాగితం మీద ఉన్న 20ని నిజమైన 20 అనుకున్నారు. సీసాకు మారామని నాన్న చెప్పారు గానీ, సిరంజి ఏదో చూపించమని ఎవరూ అడగలేదు. 30 గీతలంటే నారింజ సిరంజిలో 12 యూనిట్లు. షుగర్ కొంచెం దిగింది. మందు పనిచేస్తోందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ సిరంజిలు అయిపోయాక నాన్న ఇంకో షాపులో కొన్నారు. వాళ్లు ఎర్ర మూతవి ఇచ్చారు. నిజానికి ఆ సీసాకు సరైనవి అవే. కానీ అంతకుముందు ఏవి వాడుతున్నారని ఒక్క మాట అడగలేదు. మర్నాడు పొద్దున నాన్న ఎప్పటిలాగే 30 దాకా లాగారు. ఈసారి లోపలికి వెళ్లింది అచ్చంగా 30 యూనిట్లు. ముందురోజు దాకా 12 వెళ్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా అంత.

పదకొండు గంటలప్పుడు అమ్మ చెమటలతో తడిసిపోయి, పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెట్టింది. మీటర్‌లో 41 చూపించింది. నాన్న వెంటనే పంచదార నీళ్లు తాగించారు. అయినా తేరుకోలేదు. 108 వాళ్లు వచ్చి నరానికి గ్లూకోజ్ ఎక్కించాకే మాట తెలివి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. అమ్మ వేసుకునే షుగర్ బిళ్లలో వోగ్లిబోజ్ కూడా ఉంది. ఆ మందు పంచదార పేగుల్లో విడిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. కాబట్టి వోగ్లిబోజ్ గానీ అకార్బోజ్ గానీ వాడేవాళ్లకు షుగర్ పడిపోతే పంచదార మీద ఆధారపడకూడదు, నేరుగా గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. మన దగ్గర మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌లతో కలిపి వోగ్లిబోజ్ ఉన్న బిళ్లలు బాగా రాస్తారు. మీ అట్ట మీద పేర్లు ఇప్పుడే చదవండి. గ్లూకోజ్ డబ్బా ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. బీపీకి, గుండెకు బీటా బ్లాకర్ బిళ్లలు వాడేవాళ్లలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకు, గుండె దడ పైకి తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఆసుపత్రిలో విషయం పట్టుకున్నది డాక్టర్ కాదు, ఒక నర్సమ్మ. "ఇంట్లో వాడేది ఏదీ, చూపించండి బాబాయ్" అని సంచి తీయించి, నారింజ మూత సిరంజి, ఎర్ర మూత సిరంజి పక్కపక్కన పెట్టింది. అప్పుడు అర్థమైంది మాకు, ఇన్నాళ్లూ ఒంటికి పడని మందు అనుకున్నది ఏమిటో. ఆవిడకు నేను ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. అమ్మ పొట్ట మీద చేత్తో తడిమి, ఒకేచోట పొడిచి పొడిచి గట్టిపడిన గడ్డలు కూడా చూపించింది. ఆ గడ్డల్లో ఇస్తే మందు ఒకరోజు సరిగా ఎక్కదట, ఒకరోజు ఎక్కువగా ఎక్కుతుందట. పొడిచే చోటు రోజూ కనీసం ఒక అంగుళం జరపమంది.

దీనికి తిరగబడిన పొరపాటు ఇంకా ప్రమాదం. 100 ఐయూ మందును ఎర్ర మూత సిరంజితో తీసి 20 గీతలు ఇస్తే వెళ్లేది 0.5 ఎంఎల్, అంటే 50 యూనిట్లు. కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో మందు లాగి ఇచ్చేవాళ్లు ఉన్నారు, పెన్ను పాడైందనో, సూదులు అయిపోయాయనో. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. గ్లార్జిన్ లాంటి కొన్ని ఇన్సులిన్లు సీసాలో కూడా 100 ఐయూవే వస్తాయి. అందుకే "సీసా అంటే 40" అని కూడా గుడ్డిగా నమ్మొద్దు. అట్ట పెట్టె మీద చదవాల్సిందే.

మొదటి షాపుకు వెళ్లి అడిగితే "అందరూ అవే తీసుకెళ్తున్నారండీ, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా భయపెట్టింది. అందరూ అవే తీసుకెళ్తున్నారంటే, షుగర్ ఎందుకు దిగట్లేదో తెలియక డోసు పెంచుకుంటూ పోతున్న అమ్మానాన్నలు ఆ వీధిలోనే ఎంతమంది ఉన్నారో. ఆయన బిల్లు కూడా ఇచ్చి ఉండలేదు, ఫిర్యాదుకు చూపించడానికి మా దగ్గర కాగితం లేదు. ఎన్ని పరిచయాలున్నా, ఎంత రష్ ఉన్నా బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ ఉన్న బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు ఉంటే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాయొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. మందు వల్ల అనుకోని ఇబ్బంది ఏది వచ్చినా 1800-180-3024కి ఫోన్ చేయొచ్చు. అది కేంద్రం నడిపే మందుల భద్రతా కార్యక్రమం టోల్ ఫ్రీ నంబర్.

కొనేటప్పుడు ఇంకా రెండు చూడండి. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారా, కౌంటర్ మీద నుంచి ఇస్తున్నారా? తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన వైపు మే నెల ఎండల్లో అద్దాల బీరువాలో పెట్టినది తీసుకోకండి. ఒకసారి గడ్డకట్టినదీ పనికిరాదు, ఐసుతో ఆనించి ఇంటికి తేవొద్దు. రెండోది డాక్టర్ రాసిచ్చే మందుల చీటీ. పది పక్కన ఇంగ్లిష్‌లో "యు" ఒక్కటే రాస్తే అది సున్నాలా కనిపించి పది కాస్తా వంద అవుతుంది. యూనిట్లు అని పూర్తిగా రాయమని డాక్టర్ గారిని అడగండి, ఏమీ అనుకోరు.

ఇప్పుడు లేచి వెళ్లి మీ ఫ్రిజ్‌లో సీసా, డబ్బాలో సిరంజి తీసి చూడండి. అంకెలు కలవకపోతే కంగారుపడి వెంటనే సిరంజి మార్చేయకండి. మీ ఇప్పటి డోసు ఆ తప్పు సిరంజికే సరిపడేలా పెరిగి ఉండొచ్చు, మా అమ్మకు జరిగింది అదే. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, తర్వాతి ఇంజక్షన్ కంటే ముందే మీ డాక్టర్‌కు పంపండి, కొత్త డోసు ఆయన చెప్పాకే ఇవ్వండి.