గ్యాస్ మళ్ళీ నింపించిన డీహ్యూమిడిఫయర్: చెన్నై వానల్లో కొన్నేళ్ళు వాడాక

డీహ్యూమిడిఫయర్ అంటే గది గాలిలోని తేమను నీళ్ళుగా లాగేసే మెషీను. ఫ్రిజ్‌లో లాగే దీని లోపలా చల్లబరిచే గ్యాస్ ఉంటుంది. ఆ గ్యాస్ పోయిందని మెషీన్‌ని పాత సామాన్లవాడికి వేసేయనక్కర్లేదు. మాది 2022లో బాగు చేయించాం, ఇప్పటికీ నీళ్ళు బాగానే లాగుతోంది. అయితే అది బాగుపడింది గ్యాస్ నింపినందుకు కాదు, లీకు ఎక్కడుందో పట్టుకుని అతికినందుకు. ఈ సమీక్షలో మెషీను కంపెనీ గురించి పెద్దగా రాయను. కంప్రెసర్ ఉన్న ఈ తరహా మెషీన్లన్నీ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి, రిపేరే అసలు విషయం.

మేముండేది వేళచ్చేరిలో, గ్రౌండ్ ఫ్లోర్. అటుపక్క పళ్ళికరణై చిత్తడి నేల, ఇటు కాస్త దూరంలో సముద్రం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటే ఆరేసిన తువ్వాలు మర్నాటికీ ఆరదు. బీరువాలో పట్టుచీరలకు ముక్కిన వాసన, మావారి కెమెరా లెన్సుల్లో ఫంగస్, మామగారి పాత తెలుగు పుస్తకాల అట్టల మీద తెల్లటి బూజు. అందుకని 2019లో 20 లీటర్ల మెషీను కొన్నాం. ఆ 20 లీటర్లు అనేది 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు రోజంతా నడిపితే వచ్చే లెక్క. 27 డిగ్రీలు, 60 శాతం దగ్గరకొస్తే అందులో సగం వస్తే గొప్ప. అట్టపెట్టె మీద అంకె చూసి మురిసిపోయేవాళ్ళకు ఈ సంగతి ముందే తెలియడం మంచిది.

రెండేళ్ళు హాయిగా నడిచింది. 2021 వానల్లో నీళ్ళు తగ్గడం మొదలైంది. ఫ్యాను తిరుగుతోంది, కంప్రెసర్ గుర్రుమంటోంది, ట్యాంకులో మాత్రం తెల్లారేసరికి ఒక గ్లాసు నీళ్ళు. ఇలాంటప్పుడు అందరూ వెంటనే గ్యాస్ అనేస్తారు, కానీ అది ఆఖరున అనుమానించాల్సింది. ముందు ఫిల్టరు కడిగి, పావుగంట నడిపి, ఫిల్టరు తీసి వెనకున్న కూలింగ్ కాయిల్ చూడాలి. కాయిల్ మొత్తం సమంగా తడిసి చుక్కలు కారుతుంటే గ్యాస్ బాగానే ఉంది, లోపం ఇంకెక్కడో ఉన్నట్టు. కాయిల్ నిండా మంచు కడితే గాలి ఆడడం లేదు, లేదా గది మరీ చల్లగా ఉంది. చెన్నైలో రెండోది ఎలాగూ ఉండదు. కాయిల్ మొదట్లో రెండు మూడు వరసలకే మంచు పట్టి మిగతాదంతా పొడిగా, గది వేడిలోనే ఉంటే అప్పుడు గ్యాస్ తగ్గినట్టు. ఎక్కడా చల్లదనమే లేకపోతే గ్యాస్ పూర్తిగా పోయుండాలి, లేదా కంప్రెసర్ అసలు పనిచేయడం లేదు, శబ్దం ఫ్యానుదే అయుండాలి. మాది మూడో రకం, మొదటి వరసలకే మంచు.

అసలు గ్యాస్ తగ్గిందంటేనే లీకు ఉన్నట్టు. స్కూటర్‌లో పెట్రోల్‌లా అది వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతుంటుంది. ఫ్యాక్టరీలో నింపాక చార్జింగ్ గొట్టాన్ని నొక్కేసి అతికేస్తారు. ఏసీకి ఉన్నట్టు మళ్ళీ నింపడానికి వాల్వు కూడా ఉండదు. 'ప్రతి రెండేళ్ళకూ గ్యాస్ పోయించుకోవాలి మేడమ్' అన్న మెకానిక్‌ని అక్కడే ఆపేయాలి.

మా ఇంటికి మొదట వచ్చినతను ఏసీలు చేసే అబ్బాయి. రాగి గొట్టానికి ఒక వాల్వు బిగించాడు. దాని స్క్రూ తిప్పితే లోపలి సూది గొట్టానికి రంధ్రం పొడుస్తుంది. అందులోంచి ఒత్తిడి చూపించే మీటరు చూస్తూ గ్యాస్ ఎక్కించాడు. పని అరగంటలో అయిపోయింది, ఆ రాత్రే ట్యాంకు నిండింది. వేసవి రాకముందే మళ్ళీ మొదటికొచ్చింది. ఆ వాల్వులో ఉండేది చిన్న రబ్బరు ముక్క. కంప్రెసర్ వేడికి, వణుకుడికి అదీ సడలుతుంది. పాత లీకు అలాగే ఉండగా కొత్తది ఇంకొకటి తోడవడం అన్నమాట.

తర్వాత తెలిసినవాళ్ళు చెబితే పెరంబూరులో ఒక ఫ్రిజ్ మెకానిక్‌కి ఇచ్చాం. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. 'గ్యాసుదేముందమ్మా, ఎవురైనా పోస్తారు. యాడ కారతా ఉందో చూడాల ముందు' అన్నాడు. 'రేపటికి అయిపోతుందా అన్నా?' అని అడిగితే, 'రేప్పొద్దున లీకు చెప్తా, అయ్యేది ఎప్పుడో ఆ తర్వాత చెప్తా' అన్నాడు. ఆ మాటకే నాకు సగం నమ్మకం కుదిరింది.

మెషీను పై మూత విప్పి ఆయన ముందు వెతికింది నూనె మరక కోసం. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం తిరుగుతుంటుంది కాబట్టి కారే చోట జిడ్డు పట్టి దానిమీద దుమ్ము అంటుకుంటుంది. మా మెషీన్‌లో కంప్రెసర్‌కి వెళ్ళే గొట్టం మధ్యలో ఉన్న రేకు అంచుకి తగులుతూ, వణుకుడికి రోజూ అరుగుతూ, చివరికి సన్నగా చిల్లు పడింది. నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్ళు రాస్తే అక్కడే బుడగలు లేచాయి. ఆయన ఆ ముక్క కోసేసి కొత్త గొట్టం బ్రేజింగ్ చేశాడు, అంటే మంట వేడికి లోహం కరిగించి అతికాడు, పొడిచే వాల్వు ఉన్న చోటునీ కోసి అతికాడు, రేకుకీ గొట్టానికీ మధ్య రబ్బరు తొడుగు పెట్టాడు. గొట్టాలు తెరిచాక లోపలికి తేమ పోయి ఉంటుంది కాబట్టి ఆ తేమను పీల్చే డ్రయర్ అనే చిన్న భాగాన్ని మార్చాడు. మళ్ళీ నైట్రోజన్ నింపి రాత్రంతా వదిలేశాడు. పొద్దునకి మీటరు ముల్లు దిగలేదు. అప్పుడు వ్యాక్యూమ్ పంపు పెట్టాడు. ఇది పది నిమిషాల పని కాదు. లోపలి తడి ఆవిరై బయటికి రావాలంటే పంపు చాలాసేపు నడవాలి, లేదంటే ఆ తడి కాపిలరీ అనే సన్నటి గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తుంది.

గ్యాస్ ఎంత నింపాలన్నది ఆఖరి పని, కానీ ఇక్కడే చాలామంది చెడగొడతారు. మా మెషీను వెనక పట్టీ మీద గ్యాస్ రకం ఆర్-134ఏ, బరువు 170 గ్రాములు అని ఉంది. ఆయన కారు ఏసీలకు వాడే చిన్న డబ్బా తెచ్చి, గ్రాముల లెక్క చూపించే తక్కెడ మీద పెట్టి, బరువు తగ్గుతుంటే చూస్తూ నింపాడు. మీటరు చూసి ఎందుకు నింపకూడదని నాకూ సందేహం వచ్చింది. ఆగిన మెషీన్‌లో ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది, పరిమాణాన్ని బట్టి కాదు. 30 డిగ్రీల దగ్గర ఈ గ్యాస్ దాదాపు 97 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకు 60 గ్రాములున్నా అంతే, 170 గ్రాములున్నా అంతే. నడుస్తున్నప్పుడు చూపించే ఒత్తిడి గది వేడిని, తేమను బట్టి మారిపోతుంటుంది. పైగా కాపిలరీ మెషీన్‌లో ఎక్కువైన గ్యాస్ దాచుకునే చోటు ఉండదు. ఇరవై ముప్పై గ్రాములు ఎక్కువైతే ద్రవం తిరిగి కంప్రెసర్‌లోకి పోయి దాన్ని పాడుచేయొచ్చు. అందుకే తక్కెడ లేని మెకానిక్‌కి ఈ చిన్న మెషీను ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇక వాడకం సంగతి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో నీళ్ళు నిలిచాయి, ఇంట్లో గోడలు మోకాళ్ళెత్తు వరకు చెమ్మెక్కాయి. కరెంటు వచ్చాక ఈ మెషీన్‌ని గది గదికీ మార్చుతూ రాత్రింబవళ్ళు నడిపాం. ట్యాంకు నిండడం, దానంతటదే ఆగడం, పారబోయడం, అదే పని. చివరికి డ్రెయిన్ పైపు పెట్టి బాత్రూంలోకి వదిలేశాం. పెయింటు పొట్టు రాలింది కానీ బీరువాలోకి బూజు పోలేదు. ఆ తర్వాత వచ్చిన వానల్లోనూ నీటి పరిమాణం తగ్గలేదు. తలుపు మూసిన పడగ్గదిలో తేమ కొలిచే హైగ్రోమీటరులో 80 శాతం దాటి ఉన్నది, తెల్లారేసరికి 55 దగ్గరికి దిగుతోంది. కొత్తలో ఎంత ఉండేదో ఇప్పుడూ అంతే.

రిపేరుతో మారనివి కూడా ఉన్నాయి. చప్పుడు అలాగే ఉంది. గది వేడెక్కడం అలాగే ఉంది, అది తప్పదు కూడా. లీటరు ఆవిరి నీరుగా మారితే దాదాపు 0.68 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి విడుదలవుతుంది, మెషీను తాగే కరెంటూ వేడిగానే బయటికొస్తుంది. రెండూ ఆ గదిలోనే ఉంటాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నేను దీన్ని ముట్టుకోను. అప్పుడు ఏసీ నయం, వేడిని బయటికి తోస్తుంది. నవంబరులో ఏసీ వేస్తే చలి పుడుతుంది, అప్పుడు దీని అవసరం. కాయిల్ మీది అల్యూమినియం రెక్కలు ఉప్పుగాలికి అక్కడక్కడ తెల్లబడుతున్నాయి. మెత్తటి బ్రష్‌తో దులుపుతుంటాను.

ఖర్చు మొత్తం కొత్త మెషీను ధరలో ఐదో వంతు కూడా కాలేదు, ఆటో ఛార్జీలతో కలిపి. గ్యాస్ విషయంలో ఇంకో మాట: ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు ఎక్కువ అని లెక్క. మా 170 గ్రాములు గాలిలో కలిస్తే 240 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. లీకు మూయకుండా ఏటా పోయించుకోవడం డబ్బు దండగే కాదు.

ఈ సలహా అన్ని మెషీన్లకూ సరిపోదు. పట్టీ మీద ఆర్-290 అని ఉంటే అది ప్రొపేన్, మంట అంటుకునే గ్యాస్. దాంతో పని అలవాటున్న సర్వీసువాళ్ళు తప్ప ఇంకెవరూ అతికే మంట టార్చి పట్టుకుని దాని దగ్గరికి రాకూడదు. ఆర్-410ఏ అయితే రెండు గ్యాసుల మిశ్రమం, సిలిండరు నుంచి ద్రవంగానే తీయాలి. రోజుకు అర లీటరు, లీటరు తీసే చిన్న డబ్బాల్లాంటి మెషీన్లలో అసలు కంప్రెసరే ఉండదు, గ్యాసూ ఉండదు. వాటికి గ్యాస్ పోస్తామన్నవాళ్ళు దొరికినా ఆశ్చర్యం లేదు. కూలింగ్ కాయిల్ లోపలే చిల్లు పడితే అతకడం కష్టం, ఒకచోట మూస్తే ఇంకోచోట మొదలవుతుంది, అప్పుడు కొత్తది కొనడమే మేలు. మా దానికి కంప్రెసర్ పోతే నేనూ అదే చేస్తాను. గ్యాస్ తగ్గితే మాత్రం మళ్ళీ పెరంబూరుకే తీసుకెళతాను.