రిస్క్ డబ్బా ఇద్దరికి గిట్టుబాటవుతుందా?

రిస్క్ అనే యుద్ధాల బోర్డు ఆట డబ్బా మీద ఎంతమంది ఆడొచ్చో చెప్పేచోట మొదట కనిపించే అంకె 2. ఆ అంకెను నమ్ముకుని కొంటే మూడో ఆటకల్లా డబ్బా అటకెక్కుతుంది. ఆట చెడ్డదని కాదు. నలుగురైదుగురు కూర్చుంటేనే తిరిగే గానుగ ఇది. ఇద్దరికి కుదించేటప్పుడు ఎక్కడ బిగుసుకుపోతుందో నియమాల పుస్తకం పట్టించుకోలేదు. ఆ చోట్లు సరిచేసుకుంటే, ఎండాకాలం మధ్యాహ్నం కడపలో గడప దాటలేని ఇద్దరికి ఇది బ్రహ్మాండమైన ఆట.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1957లో ఫ్రెంచి సినిమా దర్శకుడు ఆల్బర్ట్ లామొరిస్ తయారుచేసిన ఆట ఇది. ప్రపంచ పటం మీద 42 ప్రాంతాలు, 6 ఖండాలు. సిపాయి బొమ్మ 1, గుర్రం 5, ఫిరంగి 10 కింద లెక్క. దాడి చేసేవాళ్లకి మూడు పాచికలు, కాచుకునేవాళ్లకి రెండు. పెద్దదానికి పెద్దది, రెండోదానికి రెండోది జతపెట్టి చూస్తారు. సమానమైతే కాచుకున్నవాళ్లదే గెలుపు. ప్రతి వంతుకీ మీ ప్రాంతాల సంఖ్యను 3తో భాగించి, శేషం వదిలేసి, వచ్చినంతమంది కొత్త సిపాయిల్ని తీసుకుంటారు. ఎంత తక్కువ వచ్చినా 3 మాత్రం ఖాయం. ఖండం మొత్తం చేతిలో ఉంటే పైన బోనస్: ఆసియాకి 7, యూరప్‌కి 5, ఉత్తర అమెరికాకి 5, ఆఫ్రికాకి 3, దక్షిణ అమెరికాకి 2, ఆస్ట్రేలియాకి 2.

క్లాసిక్ నియమాల్లో ఇద్దరి ఆటకి ఒక పద్ధతి ఉంది. ఎవరిదీ కాని మూడో రంగు ఒకటి తీసి దాన్ని న్యూట్రల్ అంటారు. ముగ్గురికీ తలా 40 సిపాయిలు. కార్డుల్లో ఏ గుర్తుకైనా చెల్లే రెండు వైల్డ్ కార్డుల్ని పక్కన పెట్టి, ప్రాంతానికొకటి చొప్పున మిగిలిన 42 కార్డుల్ని 14 చొప్పున మూడు కట్టలు పంచి, ఏ కట్టలో ఏ ప్రాంతం వస్తే అక్కడ ఒక సిపాయిని నిలబెట్టాలి. తర్వాత వంతులవారీగా మీవి రెండు, న్యూట్రల్‌వి ఒకటి పెట్టుకుంటూ పోవాలి. 13 వంతులకి ముగ్గురివీ అయిపోతాయి. వైల్డ్ కార్డుల్ని మళ్లీ కట్టలో కలిపి ఆట మొదలెడతారు. న్యూట్రల్ ఎవరి మీదికీ పోదు, దానికి కొత్త బలగం రాదు. దాని మీద మీరు దాడి చేస్తే దాని తరఫున పాచికలు వేసేది మీ ఎదుటివాళ్లు. న్యూట్రల్‌ను తుడిచిపెట్టక్కర్లేదు, ఎదుటివాళ్ల ప్రాంతాలన్నీ పోతే ఆట ముగిసినట్టే.

కాగితం మీద ఏ లోటూ కనిపించదు. బోర్డు మీదికి వచ్చేసరికి నాలుగుచోట్ల తేడా కొడుతుంది.

మొదటిది మొదటి వంతు. ఇద్దరి దగ్గరా 14 ప్రాంతాలే కాబట్టి ఇద్దరికీ 4 సిపాయిలే రావాలి. కానీ మొదట ఆడేవాళ్లు ఆ నలుగుర్నీ ఒకేచోట దించి మీ మూడు ప్రాంతాలు లాక్కున్నారనుకోండి. వాళ్లవి 17, మీవి 11. మీ వంతు రాగానే మీకు 3, మళ్లీ వాళ్ల వంతుకి 5. మీరింకా పాచిక ముట్టకముందే తూకం తప్పింది.

రెండోది ఆస్ట్రేలియా. నాలుగు ప్రాంతాలు, లోపలికి ఒకటే దారి: ఆసియాలోని సయాం నుంచి ఇండోనేషియా. ప్రతి వంతుకీ 4 వచ్చే ఆటలో పైన 2 అంటే సగానికి సగం అదనం. దీనికి విరుగుడుగా చాలామంది పెట్టేటప్పుడే న్యూట్రల్ సిపాయిల్ని ఇండోనేషియాలోనో సయాంలోనో గుట్టగా పోస్తారు. నియమాల్లో దీనికి అడ్డు లేదు, చేతిలో ఉన్న 13 మందినీ ఒకేచోట పెట్టొచ్చు. మూడు పాచికలకి రెండు పాచికలు ఎదురైనప్పుడు కాచుకునేవాళ్లు ఇద్దర్నీ కోల్పోయే అవకాశం 37.2 శాతం, దాడి చేసేవాళ్లు ఇద్దర్నీ కోల్పోయేది 29.3, చెరొకరు పోయేది 33.6. అంటే 14 మంది ఉన్న గుట్టను కూల్చాలంటే సగటున 12 మంది మనవాళ్లు పోతారు. అంత ఖర్చు ఎవరూ పెట్టరు. ఆ మూల అట్లాగే గడ్డకట్టుకుపోతుంది.

మూడోది కార్డులు. వంతులో ఒక్క ప్రాంతం గెలిచినా ఒక కార్డు వస్తుంది. ఒంటరి న్యూట్రల్ సిపాయి ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటాడు. మూడు పాచికలతో కొడితే ఒక్క విసురుకి పడిపోయే అవకాశం 66 శాతం. వంతుకొకణ్ణి కోసుకుంటూ పోతే కొట్లాట లేకుండానే కార్డులు పోగవుతాయి. మూడు కార్డుల సెట్టు ఇచ్చి కొత్త సిపాయిల్ని తీసుకుంటారు. ఆ మార్పిడి విలువ 4, 6, 8, 10, 12, 15 అని పెరిగి ఆపై అయిదేసి ఎక్కుతుంది కాబట్టి, ఆరో సెట్టు ఎవరి చేతిలో పడితే వాళ్లదే ఆట. అప్పటిదాకా వేసిన ఎత్తులన్నీ బూడిదలో పోసిన పన్నీరు.

నాలుగోది అన్నిటికీ మూలం. ఎక్కువమంది ఆడేటప్పుడు ముందున్నవాణ్ణి మిగతావాళ్లు కలిసి కిందికి లాగుతారు. ఎవరూ చెప్పుకోకపోయినా అది జరుగుతుంది, రిస్క్‌కి తాళ్లూ పగ్గాలూ అవే. ఇద్దరి ఆటలో లాగడానికి మనిషి లేడు. ముందు జారినవాళ్లు ఆరు వంతుల్లో ఓడిపోతే, ఓడిపోయారని ఒప్పుకోవడానికి ఇంకో గంట పడుతుంది. న్యూట్రల్ ఆ మూడో మనిషి పని చెయ్యాలి కదా, మరి అది బొమ్మలాగా నిలబడి చూస్తుంటుంది.

కాబట్టి న్యూట్రల్‌కి పని అప్పగించాలి. చాలా ఇళ్లలో ‘ఇద్దరికీ చెరోసారి న్యూట్రల్ దాడి’ అని పెట్టుకుంటారు; అది పనికిరాదు, ముందున్నవాళ్ల చేతికి ఇంకో కత్తి ఇచ్చినట్టే. వెనకబడ్డవాళ్లకే ఇవ్వాలి. మీ వంతు మొదలయ్యేసరికి ఎదుటివాళ్లకంటే మీకు మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్రాంతాలు తక్కువుంటే, న్యూట్రల్ ప్రాంతాల్లో ఇద్దరు కొత్త సిపాయిల్ని పెట్టండి. ఆపైన ఏదో ఒక న్యూట్రల్ ప్రాంతం నుంచి ఎదుటివాళ్ల మీద మూడు విసుర్ల దాకా దాడి చెయ్యండి. గెలిస్తే ఆ ప్రాంతం న్యూట్రల్‌దే, మీకు కార్డు రాదు. తర్వాత మీ సొంత వంతు మామూలే. తేడా ఒకటైతే చాలని పెడితే ఇద్దరూ కావాలని ఒక ప్రాంతం తక్కువ ఉంచుకుని బేరాలాడతారు. మూడు పెడితే ఆ నాటకం నష్టం, ఎందుకంటే మూడు ప్రాంతాలంటే వంతుకి ఒక సిపాయి.

దీంతోపాటు ఒక గట్టి హద్దు ఉండాలి: మొదట పేర్చేటప్పుడైనా తర్వాతైనా ఒక న్యూట్రల్ ప్రాంతంలో అయిదుగురికి మించి ఉండకూడదు. ఆ ఒక్క మాటతో ఇండోనేషియా గుట్ట మాయమవుతుంది. అయిదుగురుంటే మూడు పాచికలతో దాడికి సరిపోతుంది కూడా. మూడు పాచికలకి కనీసం నలుగురుండాలి, ఒకరు ఇంటికాడ కాపలా. హద్దును మూడుకి దించకండి. 14 ప్రాంతాల్లో మూడేసి అంటే 42, పెట్టాల్సినవి 40; ఎక్కడ పెట్టాలన్న ఎంపికే పోతుంది.

మొదటి వంతుకి మందు తేలిక. మొదట ఆడేవాళ్లు ఆ వంతులో న్యూట్రల్ మీదే దాడి చెయ్యాలి. రెండోవాళ్ల 14 ప్రాంతాలూ పదిలంగా ఉంటాయి, వాళ్ల 4 వాళ్లకొస్తాయి. రెండోవాళ్లకి అదనంగా సిపాయిల్నివ్వడం ఇంకో దారే, కానీ ముగ్గురిస్తే తక్కువ, అయిదుగురిస్తే ఎక్కువ అన్న తగువు ఎప్పటికీ తెగదు.

కార్డు ఎదుటివాళ్ల ప్రాంతం గెలిస్తేనే ఇవ్వాలి. న్యూట్రల్‌ను గెలిస్తే నేల దక్కుతుంది, కార్డు దక్కదు. పెరిగే విలువలు పక్కనపెట్టి, కొన్ని ఎడిషన్లలో ఉన్న స్థిరమైన లెక్క వాడండి: మూడు సిపాయి కార్డులకి 4, మూడు గుర్రాలకి 6, మూడు ఫిరంగులకి 8, మూడూ వేరువేరైతే 10. మొదటి సెట్టు కాస్త ఆలస్యంగా వస్తుంది. రానీయండి.

ముగింపు గురించి. చివరి సిపాయి దాకా ఆడాలన్న పట్టింపు ఇద్దరి ఆటకి శాపం. మీ వంతు మొదట్లో మీ చేతిలో ఉన్న ఖండాల బోనస్ మొత్తం 7 ఉంటే గెలిచారు. యూరప్‌తో ఆస్ట్రేలియా, లేదా రెండు అమెరికాలు, లేదా ఒక్క ఆసియా. ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా కలిపితే నాలుగే కాబట్టి మూలల్లో దాక్కునేవాళ్ల పప్పులుడకవు. 12 రౌండ్లు దాటినా ఎవరికీ ఏడు రాకపోతే ప్రాంతాలూ బోనస్ కలిపి లెక్కెయ్యండి. సమానమైతే రెండో వంతు ఆడినవాళ్లకివ్వండి. మూడు గంటలు సాగదీసే ఆట ఇట్లా గంటంబావు, గంటన్నరలో తేలుతుంది.

ఇంకో దారీ ఉంది, అష్టాచెమ్మా దారి. నలుగురి ఆటను ఇద్దరే ఆడాలంటే చెరో రెండు వైపులు పట్టుకుంటాం కదా, అట్లా చెరో రెండు రంగులు. నలుగురి లెక్క ప్రకారం రంగుకి 30 మంది. 42 ప్రాంతాలు పంచితే రెండు రంగులకి 11, రెండింటికి 10, కాబట్టి ఒక్కొక్కరికి ఒక పదకొండూ ఒక పదీ వచ్చేట్టు చూసుకోండి. వంతులు ఒకరి తర్వాత ఒకరివి రావాలి, ఒకరి రెండు రంగులూ వరసగా ఆడకూడదు. కార్డులు రంగుకి రంగు విడివిడిగా. ఒక రంగు సిపాయిలు రెండో రంగు ప్రాంతంలోకి దాటకూడదు. ఇది మరిచిపోతే రెండు సైన్యాలు కాదు, ఒక పెద్ద సైన్యం అవుతుంది. బోర్డు నిండుగా కనిపిస్తుంది, పోట్లాట మొదటి వంతునుంచే ఉంటుంది. కానీ సమయం రెట్టింపు, పైగా ఒక రంగు చచ్చిపోయిన క్షణమే ఆట తేలిపోతుంది. తీరిక ఉన్న ఆదివారానికి సరే. మామూలు రోజుల్లో న్యూట్రల్ పద్ధతే మేలు.

ఇక వస్తువు సంగతి. బొమ్మల కొట్టులో సులువుగా దొరికేది బిజినెస్, లూడో; రిస్క్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి రావొచ్చు. రాగానే కార్డులు లెక్కపెట్టండి. 42 ప్రాంతాల కార్డుల్లో సిపాయి, గుర్రం, ఫిరంగి గుర్తులు 14 చొప్పున ఉండాలి, ఆపైన రెండు వైల్డ్. రహస్య లక్ష్యాల కార్డులుంటే అవి ఇద్దరి ఆటకి అక్కర్లేదు, డబ్బాలోనే ఉంచండి. బోర్డు మీద తూర్పు ఆఫ్రికా నుంచి మిడిల్ ఈస్ట్‌కి గీత ఉందో లేదో మొదలెట్టకముందే చూసుకోండి. కొన్ని ముద్రణల్లో అది కనపడదు. ఆఫ్రికాకి ఎన్ని దారులో దాని మీదే ఆధారం, సగం ఆటలో తగువుకి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ముక్కలు చిన్నవి, యూరప్‌లో ప్రాంతాలు ఇరుకు. అయిదుగురు కాగానే గుర్రంగా మార్చకపోతే ఉక్రెయిన్ సిపాయిలు ఉరల్‌లోకి దొర్లుతారు, ఎవరిదేదో తెలియదు. కొత్త బోర్డు మడత దగ్గర లేస్తుంది. మెత్తటి పరుపు మీదా దుప్పటి మీదా పరవొద్దు. కడప బండ పరిచిన నేల ఉంటే అంతకంటే చదునైన బల్ల ఉండదు, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెడితే సరి. పైన ఫ్యాను తిరుగుతుంటే కార్డుల కట్ట మీద ఒక బరువు. పాచికలు అంచున్న స్టీలు పళ్లెంలో వెయ్యండి, అడుగున గుడ్డ పరిస్తే మోత ఉండదు. ముక్కలు పోతే సిపాయికి చింతపిక్క, గుర్రానికి గవ్వ. ఒక వైపుకి చింతపిక్కను తెల్లగా అరగదీస్తే చాలు, అచ్చం రెండో రంగు.

ఒక చిన్న హెచ్చరిక మనవాళ్లకి. బోర్డు మీద ఇండియా మొత్తం ఒకే గడి, మనముండేది అందులోనే. మొదటిసారి ఆడేవాళ్లు దాన్ని వదలలేక అక్కడే బలగం పోస్తారు. మిడిల్ ఈస్ట్, అఫ్గానిస్తాన్, చైనా, సయాం అని నాలుగువైపులా తెరిచి ఉన్న గడి అది. దాన్ని నిలబెట్టుకున్నా ఆసియా బోనస్‌కి ఇంకా పదకొండు కావాలి. సయాం పట్టుకోండి, ఆస్ట్రేలియా తలుపు మీ చేతిలో ఉంటుంది.

ఆట మధ్యలో మూడో మనిషి వస్తే బోర్డు చెరపాల్సిన పని లేదు. న్యూట్రల్ రంగు వాళ్ల చేతికివ్వండి. అయిదుగురి హద్దు ఆ క్షణం నుంచి ఉండదు, కొత్త సిపాయిలు మామూలు లెక్క ప్రకారమే వస్తారు, కార్డులు సున్నా నుంచి మొదలు. వెనకబడ్డవాళ్లకి ఇచ్చిన న్యూట్రల్ దాడి కూడా అక్కడితో రద్దు.